సైకిలు నిలిపిన చోటు

ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. "మేడం గారూ, ఫీల్డులో ముఖ్యంగా ఏం చూసుకోవాలండీ?" అని అడిగి, మందుల సంగతి చెబుతాననుకుని పెన్ను తీసింది. "బండి ఎక్కడ ఆపుతున్నావో చూసుకో" అన్నాను. ఆ పిల్ల మర్యాదగా నవ్వి పెన్ను మూసేసింది. పెద్దావిడకి చాదస్తం మొదలైందని అనుకుని ఉంటుంది. చాదస్తమే కావచ్చు. కానీ అమలాపురంలో క్షయ రోగుల ఇళ్ళకి తిరిగే ఉద్యోగం ఇన్నేళ్ళు చేశాక నాకు ఖాయంగా తెలిసిన సంగతి ఏదైనా ఉందంటే అదే. మందులు ఏవి ఎప్పుడు వేయాలో మీకు శిక్షణలో చెబుతారు. ఇది చెప్పరు. అందుకని రాస్తున్నాను.

సైకిలే ఎందుకంటే

నా ఉద్యోగం పేరు టీబీ హెల్త్ విజిటర్. జబ్బు తేలినవాళ్ళ ఇంటికి వెళ్ళి, మాత్రలు వేసుకుంటున్నారో లేదో చూసి, మానేసినవాళ్ళని బతిమాలో కోప్పడో మళ్ళీ దారిలో పెట్టడం. చేరిన కొత్తల్లో లేడీస్ సైకిలు ఒకటి కొనుక్కున్నాను. రిటైరయ్యేదాకా సైకిళ్ళు మారాయి గానీ సైకిలు తొక్కడం మారలేదు. చివరి రోజుల్లో అందరూ స్కూటీలు ఎక్కేశారు. "ఈ వయసులో ఎందుకండీ మేడం, మోకాళ్ళు అరిగిపోతాయి" అని ఆఫీసులో కుర్రాళ్ళు ఆటపట్టించేవారు. వాళ్ళ మోకాళ్ళే ఇప్పుడు మెట్లెక్కుతుంటే కిర్రుమంటున్నాయి. నావి బాగానే ఉన్నాయి.

సరదా ఒక్కటే కాదు కారణం. స్కూటీ మీద పోయేవాళ్ళని ఎవరూ పిలవరు. హెల్మెట్‌లో చెవులుండవు, ఆగే ఉద్దేశమూ ఉండదు. సైకిలు మీద పోయేవాళ్ళని అరుగు మీద కూర్చున్న మనిషి "ఏవండోయ్" అని పిలిస్తే చాలు, ఒక కాలు నేల మీద పెట్టేస్తాం. నాకు తెలిసిన దగ్గులూ, బరువు తగ్గిన మనుషులూ, మందు మానేసిన మొగుళ్ళూ అందరూ అలా ఒక కాలు నేల మీద ఉన్నప్పుడు తెలిసినవాళ్ళే. సైకిలు వేగం మాట వినపడే వేగం. ఆ ఉద్యోగానికి అంతకంటే పనికొచ్చేది ఇంకోటి నేను చూడలేదు.

ఊరు తొక్కడం

సరదా సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే అబద్ధమవుతుంది.

మా వైపు కొండల్లేవు. నేలంతా అరచెయ్యిలా ఉంటుంది. ఉన్న ఎత్తల్లా కాలవల మీది వంతెనలే. అందుకని ఇక్కడ సైకిలు తొక్కేవాళ్ళకి వంతెనంటే ఒక పండగ. నల్ల వంతెన ఎక్కేటప్పుడు సీటు మీంచి కొంచెం లేచి తొక్కాలి. దిగేటప్పుడు కాళ్ళు కదపక్కర్లేదు. పొద్దున్నే గాలి మొహాన కొడుతుంటే, మందుల సంచి క్యారియర్ మీద గలగలమంటుంటే, యాభై దాటిన మనిషిని, చర్చిలో పాటల బృందంలో పాడే మనిషిని, ఊ అని కేక వేయాలనిపించేది. ఒకటి రెండుసార్లు వేశాను కూడా. ఎవరూ లేరనుకున్నాను. పడవ రేవులో బట్టలుతుకుతున్నావిడ తలెత్తి "ఏవైందండీ మేడం గారూ?" అని కంగారుపడింది. బ్రేకు పడలేదని చెప్పాను.

ఉప్పలగుప్తం వైపు వెళ్ళాలంటే పొద్దున్నే బయల్దేరాలి. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి ఎదురొస్తుంది. ఆ గాలిలో తొక్కుతుంటే ఎంతసేపటికీ అదే కొబ్బరి చెట్టు పక్కన ఉన్నట్టుంటుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. బండారులంక దాకా వెళితే మగ్గాల చప్పుడు వినపడుతుంది. ఏ ఇంట్లో మగ్గం ఆగిందో రోడ్డు మీంచే తెలిసిపోయేది. రెండు రోజులు వరుసగా ఆగిందంటే దిగి అడిగేదాన్ని. వానాకాలం గట్టు మీద బురద మడ్‌గార్డులో పట్టేసి చక్రం తిరగనని మొరాయించేది. చీర కుచ్చిళ్ళు చైనులో పడి నడిరోడ్డు మీద నన్ను కట్టిపడేసిన రోజులూ ఉన్నాయి. అప్పుడు వచ్చి విడిపించే ఆడవాళ్ళు "పర్లేదండీ, పర్లేదండీ" అంటూనే మన చీర ఖరీదు కనుక్కునేవారు. ఇవన్నీ నాకు ఇష్టం. ఎండలో ముమ్మిడివరం గేటు దగ్గర ఆగి కొబ్బరిబొండం తాగడం ఇంకా ఇష్టం.

మా పెద్ద డాక్టరు గారు

చేరిన కొత్తల్లో నాకో భయం పట్టుకుంది. ఊళ్ళో అందరికీ నేనెవరో తెలుసు. సైకిలు ఎవరి గుమ్మం ముందుంటే వాళ్ళింట్లో టీబీ అన్నమాట. మా వైపు జనం మహా మర్యాదస్తులు. మొహం మీద ఒక్క మాట అనరు. మర్నాటి నుంచి ఆ ఇంటికి మంచినీళ్ళకి రారు, అంతే. అందుకని సైకిలు వంతెన దగ్గరే తాళం వేసి, సంచి కొంగు కింద దాచుకుని నడిచి వెళ్ళేదాన్ని. దాంతో ఇంకా పాడైంది. "ఈవిడ సైకిలు దాచుకుని మరీ వస్తందంటే ఎంత పెద్ద జబ్బో" అని గుసగుసలు.

అప్పట్లో మా పై అధికారి ఒక పెద్ద డాక్టరు. కోపిష్టి మనిషి. సగం రోజులు ఆయన గది తప్పించుకుని వెనక దారిన వెళ్ళేదాన్ని. అయినా ఆయన నేర్పిన ఒక్క మాట మీద నా ఉద్యోగం అంతా నడిచింది. నా గోడు విని "దాస్తే కనపడుద్దమ్మా" అన్నారు. "అన్నిళ్ళ ముందూ ఆపు. ఒకళ్ళింట్లో మంచినీళ్ళు తాగు, ఒకళ్ళింట్లో బీపీ చూడు, ఒకళ్ళ పిల్లాడి చదువు అడుగు. నీ సైకిలు ప్రతి గుమ్మం ముందూ నిలబడాలి. అప్పుడు దానికి అర్థం ఉండదు."

అప్పట్నుంచీ అదే చేశాను. రోగి ఒకరుంటే ఆ వీధిలో ఐదారిళ్ళకి వెళ్ళేదాన్ని. నేను తాగిన మజ్జిగకీ, తిన్న తాండ్రకీ లెక్కలేదు. పనివేళంతా కబుర్లకే పోతోందని తర్వాత వచ్చిన అధికారులు విసుక్కున్నారు. నాకు తెలిసి ఆ కబుర్లే పని.

సత్తిరాజు గారి మర్యాద

ఇక అసలు సంగతి. ఇందులో ఉన్నవాళ్ళ పేర్లు మార్చాను. రాయమని అడిగింది మాత్రం వాళ్ళే.

ఎర్ర వంతెన దాటాక ఒక సందు. సందు చివర జాన్‌బాబు ఇల్లు. బడి పిల్లల్ని ఆటోలో దింపుతాడు. పిల్లలు ఆ ఆటోలో తేనెపట్టులా ఉంటారు. కరోనా వెళ్ళిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్న ఏడాది అతనికి క్షయ తేలింది. మొదటి మాట "పిల్లలకి అంటించేసేనాండీ?" అన్నాడు. రెండో మాట "తెలిస్తే నా ఆటో ఎవరెక్కుతారండీ?" అన్నాడు. పిల్లలకి పరీక్షలు చేయించాలని బడిలో అందరికీ ఆరోగ్య శిబిరం పెట్టించాం. ఎవరికీ ఏమీ లేదు. డాక్టరు నడపొచ్చనేదాకా ఆటో ఎక్కనని అతను మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. నడుంనొప్పని చెప్పి బావమరిదిని తోలమన్నాడు.

అది భాద్రపదం. ఎండ నెత్తిన పెట్టినట్టుండేది. వారంలో రెండు మూడుసార్లు మధ్యాహ్నం పూట వెళ్ళేదాన్ని. ఆ వేళ సందులో తలుపులన్నీ మూసి ఉండేవి. నిద్రపోతున్నవాళ్ళని లేపి మంచినీళ్ళడగలేం కదా. సైకిలు సందు మధ్యలో, ఎవరి గుమ్మమూ కాని చోట, గోడకి ఆనించి చివరిదాకా నడిచేదాన్ని. తిరిగొచ్చేసరికి సైకిలు అక్కడ ఉండేది కాదు. కొంచెం లోపలికి, రొట్టెలు అమ్మే లక్ష్మి గారి చూరు కింద నీడలో చక్కగా స్టాండు వేసి ఉండేది. సీటు మీద తడిగుడ్డ కూడా కప్పి ఉండేది.

అది సత్తిరాజు గారి పని. మగ్గం మానేసి ఇంట్లో ఉంటున్న పెద్దాయన. ఆడమనిషి సైకిలు ఎండలో మాడిపోవడం ఆయన చూడలేరు. "సీటు కాలిపోద్దండీ. పాపం మీరు ఎలా కూర్చుంటారు?" అనేవారు. నేను నమస్కారం పెట్టేదాన్ని. ఎంత మంచి మనిషో అనుకుంటూ వంతెన దిగేదాన్ని.

లక్ష్మి గారు పొద్దుట పూట ఆ చూరు కిందే దిబ్బరొట్టెలు వేస్తారు. మూకుడు మీద నిప్పులు పెట్టి కాల్చే రొట్టె, పక్కన చెరుకు పానకం. మధ్యాహ్నానికి పొయ్యి ఆర్పి తలుపేసుకుంటారు. కాబట్టి కిటికీ సందులోంచి చూసేవాళ్ళకి కనపడిందల్లా ఒకటే. టీబీ మేడం సైకిలు రోజు విడిచి రోజు లక్ష్మి గారి మూసిన తలుపు ముందు ఉంటోంది.

ఒకరోజు వేరే పని మీద పొద్దున్నే అటు వెళ్ళాను. ఎప్పుడూ కిటకిటలాడే ఆ బల్ల ఖాళీగా ఉంది. రొట్టె పిండి బేసిన్‌లో అలాగే ఉంది. లక్ష్మి గారు ఈగలు తోలుతూ కూర్చున్నారు. ఏమిటని అడిగితే "జనం తగ్గేరండీ" అన్నారు. మళ్ళీ ఈగలు తోలడంలో పడ్డారు.

సందు మలుపులో సత్తిరాజు గారు ఆపారు. గొంతు తగ్గించి "పాపం, ఆవిడికి ఎలా ఉందండీ?" అన్నారు.

"ఎవరికండీ?"

"లక్ష్మి గారికండీ. మీరు వస్తన్నారుగా. మా ఆవిడ చెప్పింది. ఇంక రొట్టి తేవద్దంటుంది, నాకేమో ప్రాణం ఒప్పట్లేదు."

"ఆవిడకి జబ్బని ఎవరన్నారండీ?"

"ఒకరనేదేముందండీ. మీ సైకిలు ఎప్పుడూ ఆవిడ గుమ్మంలోనే ఉంటుంటేనూ."

"నా సైకిలు అక్కడ పెట్టేదెవరండీ?"

"ఆయ్, నేనేనండీ" అన్నారు సంతోషంగా. ఆ రెండు మాటల్నీ కలపడం ఆయనకి తట్టలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. లక్ష్మి గారికి కాదంటే, మరి ఎవరికి అని అడుగుతారు. ఆ చూరు దాటాక సందులో ఉన్నవి రెండే ఇళ్ళు. ఒకటి తాళం వేసి ఉంది.

ఎవరి పేరు చెప్పను

నా ఉద్యోగంలో నేను పడ్డ అన్ని ఇబ్బందుల్లోకీ ఇది పెద్దది. ఒకావిడ పొయ్యి ఆరిపోతోంది. ఆవిడకి ఏ జబ్బూ లేదు. ఆ మాట నిరూపించాలంటే ఇంకొకతని బతుకు రోడ్డు మీద పెట్టాలి. రోగి పేరు బయట పెట్టకూడదన్నది మాకు రూలు. నాకది రూలు కంటే ఎక్కువ. ఆ నమ్మకం మీదే వాళ్ళు తలుపు తీస్తారు.

ముందుగా తోచింది చేశాను. పొద్దున్నే వెళ్ళి అందరికీ కనపడేలా ఆవిడ బల్ల మీద కూర్చుని రొట్టె తిన్నాను. దాంతో "రోజూ వచ్చి చూసుకుంటన్నారంటే బాగా ముదిరిపోయినట్టుంది" అన్నారట. సందు సందంతా కోడై కూసింది. ఏళ్ళ తరబడి ఆవిడ చేతి రొట్టె తిని పెరిగిన మనుషులు, ఒక్క మాట అడగకుండా, నవ్వుతూ పలకరిస్తూనే, అవతలి వీధి హోటల్‌కి నడిచి పోయేవారు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. తిట్టే మనిషికి జవాబు చెప్పొచ్చు. నమస్కారం పెట్టి తప్పుకునే మనిషికి ఏం చెబుతాం?

చివరికి లక్ష్మి గారి దగ్గరే కూర్చున్నాను. "నా సైకిలు మీకోసం రాలేదని అందరికీ చెప్పేస్తానండీ" అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకున్నారు. "చెబితే ఊరుకుంటారాండీ? మరి ఎవరికోసం అంటారు."

సందు చివరి వైపు చూడకూడదని నేను పొయ్యి వైపు చూశాను.

"మీరేం చెప్పద్దండీ. నాకు తెలుసు. సందులో ఉన్నదాన్ని, ఎవరు ఎలా దగ్గేరో నాకు తెలీదాండీ?" అన్నారు. "మా మనవరాలు ఆ ఆటోలోనే వెళ్తదండీ. ఆ అబ్బాయి ఎంత బాగా చూసుకుంటాడో. ఆర్నెల్ల మందే కదండీ? ఓ ఆర్నెల్లు నాకే అనుకోనివ్వండి. ఆ తర్వాత అన్నీ ఆళ్ళే మర్చిపోతారు."

సైకిలు నడిపించుకుంటూ వంతెన దాకా వచ్చాను. ఎక్కి తొక్కబుద్ధి కాలేదు. ఆవిడ మీద గౌరవమూ, నా మీద నాకు అసహ్యమూ, ఆ సందు మీద మంటా, అన్నీ కలిసిపోయాయి.

ఇది జరిగిన కొన్ని రోజులకి జాన్‌బాబుకి కఫం పరీక్షలో ఏమీ లేదని తేలింది. డాక్టరు నడపొచ్చన్నారు. ఆటో మళ్ళీ ఎక్కాడు. ఆ వారమే నన్ను గుమ్మంలో ఆపి "మేడం గారూ, రొట్టెల లక్ష్మి గారికి కూడా ఇదేనాండీ?" అని అడిగాడు.

"ఆవిడకేం లేదు."

"మరి మా ఆవిడ..." అంటూ ఆగిపోయాడు. వీధిలోకి చూశాడు. లక్ష్మి గారు అలాగే ఉండనివ్వమన్నారు గనుక నా సైకిలు ఎప్పటిలాగే తడిగుడ్డ కప్పుకుని ఆ చూరు కింద ఉంది. అతని మొహం మారిపోయింది. సత్తిరాజు గారికి తట్టనిది ఇతనికి తట్టింది.

తనకే జబ్బని నలుగురికీ చెప్పమని నేనడగలేదు. అడగాలని మాత్రం ఎంతగానో ఉంది. "మీ మాత్రలు మీరు వేసుకోండి. మిగతాది నా తలనొప్పి" అన్నాను.

రొట్టెల బల్ల

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నేను లక్ష్మి గారి బల్ల మీద ఉన్నాను. నా మొండితనం నాది. సత్తిరాజు గారు భార్య కంట పడకుండా వచ్చి నా పక్కన కూర్చుని రొట్టె తింటున్నారు. సందులో జనం గుడి నుంచీ సంత నుంచీ వస్తున్నారు. జాన్‌బాబు తెల్ల చొక్కాలో, చేతిలో బైబిలుతో వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"లక్ష్మి గారూ, ఒక రొట్టి పెట్టండి" అన్నాడు. తర్వాత సందంతా వినపడేలా, "మేడం గారి సైకిలు మా ఇంటికి వస్తందండీ. నాకండీ టీబీ. ఈవిడికి కాదు. మందులు వాడుతున్నాను, ఇప్పుడు పరీక్షలో ఏం లేదన్నారు. నమ్మకపోతే మేడం గార్ని అడగండి" అన్నాడు. 

నడిచేవాళ్ళు ఆగిపోయారు. సత్తిరాజు గారు తింటున్న ముక్క ఆకులో పెట్టేశారు. "అయితే... సైకిలు ఇక్కడ పెట్టింది నేను కదండీ" అన్నారు మెల్లిగా. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.  లక్ష్మి గారు ఆకు వేసి రొట్టె పెట్టి "కూర్చోండి, చల్లారితే బాగోదు" అన్నారు. సత్తిరాజు గారు బల్ల మీద జరిగి చోటిచ్చి, పానకం గిన్నె అతని వైపు తోశారు. జాన్‌బాబు తినడం మొదలెట్టాడు.

బడి ఆటో

దీంతో అందరూ మంచివాళ్ళైపోయారని రాస్తే మీరు నమ్మకండి. లక్ష్మి గారి బల్ల ఆ మర్నాటికే నిండింది. జాన్‌బాబుకి మాత్రం ఆ రాత్రే ఫోన్లు మొదలయ్యాయి. "మా తమ్ముడు దింపుతానన్నాడండీ", "మావాడు రేపట్నుంచి నడిచి వెళ్తానంటున్నాడండీ". అందరూ 'గారు' పెట్టే మాట్లాడారు. ఒక్కరూ ఉన్న కారణం చెప్పలేదు.

సోమవారం పొద్దున్న నేను సందులోకి వచ్చేసరికి ఆటో బయల్దేరుతోంది. వెనక సీట్లో లక్ష్మి గారి మనవరాలు ఒక్కతే కూర్చుని ఉంది. ఎప్పుడూ బ్యాగుల మధ్య నలిగిపోయే పిల్ల, అంత చోటు ఏం చేసుకోవాలో తెలియక మధ్యలో కాళ్ళు ఊపుకుంటోంది. లక్ష్మి గారు పొయ్యి వదిలి వచ్చి పిల్ల జడ సరిచేసి "పోనివ్వండి బాబూ" అన్నారు. జాన్‌బాబు ఎవరి వైపూ చూడకుండా స్టార్ట్ చేశాడు.

నేను ఏమీ అనుకుని చేయలేదు. సైకిలు తిప్పి ఆటో పక్కనే తొక్కడం మొదలెట్టాను. అతను నన్ను చూసి వేగం తగ్గించాడు. ఎర్ర వంతెన మీద ఎక్కుతుంటే ఊపిరి అందలేదు. దిగుతుంటే ఇద్దరం సమానంగా వచ్చాం. గడియార స్తంభం దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూశారు. హైస్కూల్ సెంటర్లో కాఫీ తాగుతున్నవాళ్ళు చూశారు. ఎవరి గుమ్మం ముందు నిలిచినా మాట పుట్టించే ఆ సైకిలుని ఆ పొద్దున్న ఊరంతా చూడాలనే తొక్కాను. బెల్లు కూడా కొట్టాను.

బడి గేటు దగ్గర తల్లులు గుంపుగా ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ అంతకు ముందు రాత్రి ఫోన్ చేసినావిడే. చెమటతో నా జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. ఆవిడ నన్నూ ఆటోనీ మార్చి మార్చి చూసి, "మేడం గారూ, మీరేంటండీ ఆటో పక్కన ఇలా తొక్కుకుంటా వచ్చేరు?" అంది.

"అలిసిపోతే ఎక్కుదామనండీ" అన్నాను.

 ఆవిడ తల వంచుకుని ఆటో దగ్గరికి వెళ్ళింది. "జాన్‌బాబు గారూ, రేపు మావాణ్ణి ఎన్నింటికి తయారు చెయ్యమంటారు?" అని అడిగింది. అతను జవాబు చెప్పబోయి హ్యాండిల్ మీద తల ఆనించేసుకున్నాడు. లోపలి నుంచి మనవరాలే చెప్పింది. "ఎనిమిదింటికండీ. లేటు చేస్తే ఆగరు."